ఎక్కడ నొక్కుతోంది

మా మనవరాలు విదేశం నుంచి తిరిగొచ్చిన రోజున నా నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. ఉన్న కట్టుడు పళ్ళు కొన్నాళ్ళ ముందే, కడుగుతుండగా చేతిలోంచి జారి సింకులో పడి రెండు ముక్కలయ్యాయి. కొత్తవి కట్టించుకోమని మా అమ్మాయి పోరుతూనే ఉంది, నేను రేపు మాపు అని జరుపుతూనే ఉన్నాను. అందుకని తలుపు తీసి, ఎదురుగా దాన్ని చూసి నేను నోరారా నవ్వేసరికి అది గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మమ్మా, నీ పళ్ళేవి?" అంది. అన్నేళ్ళ తరవాత ఇంటికొచ్చిన పిల్ల నోట వచ్చిన మొదటి మాట అదీ. మా అమ్మాయి ఇప్పటికీ ఎవరు కనిపించినా ఇది చెప్పి నవ్విస్తుంది.

అడగదా మరి? అది నేర్చుకున్న విద్యే అది. పళ్ళ డాక్టర్లు వేరు, పళ్ళు తయారుచేసేవాళ్ళు వేరు. ఈ సంగతి చాలామందికి తెలియదు. డాక్టరు మన నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దాన్ని పట్టుకుని మైనంతో, ప్లాస్టరుతో, ఘాటు వాసన కొట్టే పొడులతో పళ్ళ సెట్టు తయారుచేసేవాళ్ళు వెనక గదిలో కూర్చుంటారు. డాక్టరుకి దణ్ణాలు, వెనక గదికి దుమ్ము. మా బొంగరం ఆ వెనక గది చదువు చదివింది. బొంగరం దాని అసలు పేరు కాదు. పాకే వయసు నుంచీ ఒకచోట కుదురుగా కూర్చోక గదంతా తిరుగుతుంటే నేనే పెట్టాను. ఆ పేరు పెట్టినందుకు తరవాత చాలాసార్లు నాలుక కరుచుకున్నాను.

చదువు అవగానే మా వీధి చివర పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు వెనకున్న ల్యాబులో చేరింది. అక్కడ దానికి పని నేర్పినాయన్ని మేం పళ్ళ మేస్త్రి అంటాం. ఇల్లు కట్టేవాడు మేస్త్రి అయితే పళ్ళు కట్టేవాడు కాడా? ఆయనకీ ఆ పేరు నచ్చింది, ఎవరైనా సార్ అంటే ఎవర్నో అనుకుని పక్కకి చూస్తాడు. దీని చేతిలో పనితనం ఉందని ఆయనే నాతో అన్నాడు. పన్ను పక్కన పన్ను నిలబెడితే దేవుడు పెట్టినట్టే ఉండేదట. కానీ ఒక లోటు ఉందని కూడా అప్పుడే చెప్పాడు. ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. పళ్ళు పెట్టించుకున్న మనిషి వారం పోయాక మళ్ళీ వస్తాడు కదా, ఇక్కడ నొక్కుతోంది, అక్కడ గీరుకుంటోంది అని. అప్పుడు ఆ పళ్ళు ఎవరు కట్టారో వాళ్ళే వచ్చి ఎదురుగా కూర్చుని వినాలి. మా బొంగరం ఆ సమయానికి సరిగ్గా చేతులు కడుక్కోవడానికి లేచిపోయేదట. ఒకరొచ్చి తన పని బాగాలేదంటే వినలేదు. చేసినంతసేపూ చేసేది, వంక పెట్టే వేళకి మాయమయ్యేది.

తరవాత విదేశంలో ఎక్కడో పెద్ద ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మైనంలో సగం పళ్ళు నిలబెట్టిన సెట్టు బల్ల మీదే వదిలేసి, ఆ మధ్యాహ్నం చెప్పి మరునాటి నుంచి మానేసింది. ఆ సెట్టు మేస్త్రి పూర్తి చేసుకున్నాడు. మాట మాత్రం ఆయన కడుపులో ఉండిపోయింది. మా బజార్లో కనిపిస్తే నన్ను పలకరించేవాడు, దాని ఊసు మాత్రం ఎత్తేవాడు కాడు.

అక్కడ ఆ పెద్ద ల్యాబు వాళ్ళు కొన్నాళ్ళకి మిషన్లు తెచ్చుకుని మనుషుల్ని తగ్గించేశారు. ఇంకో చోట చేరాలంటే మళ్ళీ అక్కడి పరీక్ష రాయాలన్నారు. రాస్తాలే, ఈలోగా ఏదో ఒకటి అని ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే దగ్గర చేరింది. ఆ ఈలోగా ఎంతకీ అవలేదు. అక్కడ పైవాడు ఏదో అన్నాడని మానేసి చేతి తొడుగులు డబ్బాల్లో సర్దే గోడౌనుకి వెళ్ళింది. అక్కడా ఎవరో ఏదో అన్నారు. ఈతకొలను దగ్గర తాళాలిచ్చే పని, తరవాత దేశమే మారి ఒక ముసలి దంపతుల ఇంట్లో వాళ్ళని చూసుకునే పని. మాకు ఇవన్నీ అప్పుడు తెలియదు. ఫోను చేసి ఎలా ఉందే అంటే, "బాగుంది అమ్మమ్మా" అనేది. ఎప్పుడూ అదే మాట. మా అల్లుడు సరుకు లారీతో వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆయన కూడా ఎక్కడున్నారంటే ఏ ఊరో చెప్పి, తిండి ఎలా ఉందో, టైరు ఎక్కడ పంచరైందో చెప్తాడు. ఇది మాత్రం బాగుంది అని ఊరుకునేది. ఫోను పెట్టేశాక నేను ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకునేదాన్ని.

వచ్చాక దాన్ని ఎందుకొచ్చావని అడగొద్దని అందరికీ గట్టిగా చెప్పాను. ఇరుగుపొరుగు వాళ్ళకీ చెప్పాను. అడగాలని నాకే అందరికంటే ఎక్కువగా ఉన్నా, పళ్ళు లేవు కదా, పెదాలు బిగించుకుని ఊరుకున్నాను. చివరికి అదే చెప్పింది. ఆ ముసలాయన కట్టుడు పళ్ళు ఒకరోజు పగిలాయట. వాటిని చేతిలోకి తీసుకోగానే ఎక్కడ మందం తక్కువైందో, ఎందుకు పగిలాయో దానికి తెలిసిపోయింది. బాగుచేద్దామంటే సామాను లేదు. ల్యాబుకి పట్టుకెళ్తే కిటికీలోంచి పళ్ళు తీసుకుని, రెండు రోజులాగి రమ్మన్నారు. కిటికీ లోపల బల్లలు, దీపాలు, వంగి పనిచేసుకుంటున్న వీపులు. బయటికొస్తున్న మైనం వాసన. అక్కడే నిలబడిపోయిందట. వెనకనున్న మనిషి కాస్త పక్కకి జరగమ్మా అనేదాకా తనకి తెలియలేదట.

"ఆ గదిలోకి పోవాలనిపించింది అమ్మమ్మా. ఏ దేశంలోదైనా సరే, ఆ గదిలోకి," అంది.

సరే, అయితే మనకి వీధి చివరే ఒక గది ఉందిగా అన్నాను. అది మొహం దించుకుంది. మేస్త్రి మొహం ఎలా చూడను అంది. నువ్వు చూడక్కర్లేదు, నేను చూస్తాను, నువ్వు నా వెనక నిలబడు అని మరునాడు పొద్దున్నే బయల్దేరదీశాను. అసలు నాకు పళ్ళు కట్టించుకోవలసిన పని ఉండనే ఉంది కదా. ఆ నెపం మీద వెళ్ళాం.

క్లినిక్కు వెనక చిన్న నడవా, దాటితే గది. గోడల నిండా అరల్లో ప్లాస్టరు నోళ్ళు, ఎవరెవరివో, కింద చిన్న చీటీలతో. కిటికీ పక్కనున్న బల్ల మీద ఖాళీ డబ్బాలు, పాత పత్రికలు, ఒక విరిగిన ఫ్యాను. ఇంకో బల్ల దగ్గర మేస్త్రి. నన్ను చూసి రండి పెద్దమ్మగారూ అని కుర్చీ తుడిచి వేశాడు.  అది నమస్కారం పెట్టింది. ఆయన తలాడించి చేతిలో ఉన్న పళ్ళకి మెరుగు పెట్టడం మొదలెట్టాడు. ఆ చక్రం హోరులో మాట వినిపించదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆగేదాకా ఆగాను. ఆగగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పిల్ల దేశాలు తిరిగింది, చెయ్యకూడని పనేమీ చెయ్యలేదు కానీ చెయ్యాల్సిన పని చెయ్యలేదు, ఇప్పుడు దానికి బుద్ధి ఇటు మళ్ళింది, నీకు ఇంకో చెయ్యి కావాలని డాక్టరమ్మ బజార్లో చెప్తోంది కాబట్టి ఇదిగో చెయ్యి అన్నాను. పళ్ళు లేని నోటితో ఇదంతా చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. సగం మాటలు గాలిగా పోయాయి.

మేస్త్రి దానికేసి తిరిగాడు. "ఆఖరిసారి ఎప్పుడు మైనం పట్టుకున్నావు?"

"చాలా ఏళ్ళయింది మేస్త్రి గారూ."

"చేతులు మర్చిపోతాయి."

"మర్చిపోయాయో లేదో నాకూ తెలియదండీ. చూసుకుందామనే వచ్చాను."

ఆ జవాబు ఆయనకి నచ్చిందని నాకు తెలిసిపోయింది, ఎందుకంటే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి ఒక మాట చెప్పాడు. ఒక్క సెట్టు, పైదీ కిందదీ, మొదటి నుంచి చివరిదాకా ఒంటిచేత్తో కట్టాలి. ఆ పళ్ళు పెట్టుకున్న మనిషి వారం రోజులు వాటితోనే తినాలి, వాటితోనే మాట్లాడాలి, వాటితోనే తిట్టాలి. వారం తరవాత వచ్చాక కిటికీ పక్క బల్ల దీనికిచ్చే సంగతి చూద్దాం అన్నాడు. నోరెవరిది మరి అని ఇటూ అటూ చూశాడు. చూడటమెందుకు? నా నోటికంటే బాగా వాడే నోరు ఈ వీధిలో ఇంకొకటి లేదు కదా. నేనే కూర్చున్నాను.

డాక్టరమ్మ గులాబీ రంగు ముద్ద నోట్లో కుక్కి అచ్చు తీసింది. అదొక్కటే ఆవిడ పని. ఆ తరవాతదంతా మా బొంగరానిదే. క్లినిక్కు మూసే వేళ దాకా అక్కడే ఉండేది. ఇంటికొస్తే గోళ్ళ సందుల్లో మైనం, చెవుల వెనక ప్లాస్టరు. మొదటి రెండుసార్లు చెడగొట్టింది. ప్లాస్టరులో బుడగలు వచ్చాయని పగలగొట్టి మళ్ళీ పోసింది. ఆ సంగతి రాగానే నాకు చెప్పింది, తల్లికి చెప్పలేదు. మొహం వేలాడేసుకుంటుందేమో, ఇక రేపు వెళ్ళనంటుందేమో అని నాకు లోపల పీకుతూనే ఉండేది. వెళ్ళింది. మైనంలో పళ్ళు నిలబెట్టాక నోట్లో ఒకసారి పెట్టి చూస్తారు, నన్ను రమ్మన్నారు. ఏదైనా మాట్లాడండి అంది డాక్టరమ్మ. ఇలాంటి మాట ఎవరైనా నాతో అంటే వాళ్ళకి ఇంక వేరే పని ఉండదు. మా చిన్నప్పుడు మా పెద్ద అత్త కట్టుడు పళ్ళు పెట్టుకుని పెళ్ళివారింటికి వెళ్ళి, నవ్వితే ఊడిపోతాయని ఎంతసేపటికీ నవ్వకుండా కూర్చుంటే, మనిషి గర్విష్ఠి అని వాళ్ళు సంబంధం మానుకున్న కథ మొత్తం చెప్పాను. డాక్టరమ్మ నా మాట వింటోంది, మా బొంగరం నా పెదాలు చూస్తోంది, మేస్త్రి మా బొంగరాన్ని చూస్తున్నాడు.

పళ్ళు తయారై పెట్టిన రోజున అద్దంలో చూసుకుంటే, చెప్పొద్దూ, మొహం కుదుటపడింది. బుగ్గలు లోపలికి పోయినవి బయటికొచ్చాయి. అందరూ నాకేసి చూస్తున్నారు. ఎలా ఉన్నాయి అని అడిగాడు మేస్త్రి. కింద ఎడమ పక్కన ఏదో చిన్న గింజ ఇరుక్కున్నట్టు ఉంది.  మా బొంగరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, చిన్నప్పుడు బళ్ళో మార్కులు చదివేటప్పుడు నిలబడ్డట్టే. నాకు ఒక్కటే తోచింది. ఇది పరీక్ష. పేపరు దిద్దేది నేను. నా చేత్తో నేను మార్కులు కొట్టేస్తానా?

బ్రహ్మాండంగా ఉన్నాయి అన్నాను. ఇంత హాయి నా సొంత పళ్ళకే లేదన్నాను. పుట్టినప్పుడు ఇవే ఇచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నట్టు గుర్తు. మేస్త్రి కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. సరే, వారం వాడండి, ఎక్కడైనా నొక్కితే చెప్పండి అన్నాడు. నొక్కడమా, ఇవా అని నవ్వుకుంటూ వచ్చేశాను.

మరునాటికి ఆ గింజ రాయి అయింది. ఆ మర్నాటికి మేకు అయింది. ఏం తిన్నా ఎడమ పక్క ప్రాణం పోతోంది. అయినా అది ఎదురుగా ఉంటే ఆపిల్ ముక్క కొరికి, కుడిపక్కకి నెట్టి, నమిలినట్టు నటించి మింగేశాను. అది బయటికెళ్ళగానే పళ్ళు తీసి కొంగులో కట్టుకుని, జావ తాగేదాన్ని. తలుపు చప్పుడైతే మళ్ళీ పెట్టుకునేదాన్ని. ఈ వయసులో దొంగతనంగా జావ తాగుతానని ఎప్పుడైనా అనుకున్నానా? పోనీలే, వారమే కదా, ఒకసారి బల్ల దానిదయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చు అని నా లెక్క. ఆ లెక్కలో ఒకటి మర్చిపోయాను. నోరు నొప్పి పెడితే తినడం ఒక్కటే కాదు, మాట్లాడటమూ తగ్గుతుంది. మా ఇంట్లో నేను మాట్లాడకపోతే గడియారం ఆగినట్టు ఉంటుంది. మా అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చి నా నుదురు మీద చెయ్యి వేసి చూసి, మాత్రలు తెచ్చింది. ఏమైందమ్మా అంటే ఏమీ లేదన్నాను. మా అల్లుడు లారీలోంచి ఫోను చేసి, అత్తయ్యగారికి కోపమొచ్చిందా అని అడిగాడట.

మా బొంగరం మాత్రం ఏమైందని అడగలేదు. రోజూ ఒక్క ప్రశ్నే. పొద్దున్న లేవగానే, పళ్ళు ఎలా ఉన్నాయి అమ్మమ్మా? నేను బాగున్నాయి తల్లీ అనేదాన్ని. అది నా మొహంకేసి ఇంకాస్తసేపు చూసి వెళ్ళిపోయేది. నా నటన చూసి సంతోషిస్తోందనుకున్నాను. అంత తెలివి నాది.

వారం ఇంకా నిండలేదు. ఆ పొద్దున మా అమ్మాయికి షాపు సెలవు. నేను వెనక బాల్కనీలో తడిబట్టలు ఆరేస్తున్నాను. వంటగది కిటికీ తెరిచే ఉంది, తల్లీ కూతుళ్ళు లోపల మాట్లాడుకుంటున్నారు. మొదట నేను పట్టించుకోలేదు. తరవాత దాని నోట వెళ్ళిపోతానన్న మాట వినిపించి, చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

ఆ ముసలి దంపతుల కూతురు ఫోను చేసిందట. మళ్ళీ రమ్మంటోందట, శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పమందట. వెళ్తానంటోంది ఇది. మా అమ్మాయి, మరి మేస్త్రి దగ్గర పని అంటోంది.

"ఏం పని అమ్మా? అమ్మమ్మ నాకు నిజం చెప్పడం లేదు. రోజూ బాగున్నాయంటుంది, నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడదు. కొత్త పళ్ళు పెట్టుకున్న మనిషి ఏ వంకా పెట్టలేదంటే అర్థమేమిటి? అవి చెప్పడానికి కూడా పనికిరావన్నమాట. నా చేతిలోంచి పని పోయింది. ఆ మాట ఆవిడ అనలేకపోతోంది."

మా అమ్మాయి ఏదో సర్దిచెప్తోంది. నాకు వినిపించలేదు. దాన్ని నిలబెడదామని నేను చేసిన పనే దాన్ని గుమ్మం దాకా తోసింది. దుప్పటి గట్టు మీద పడేసి, తడి చేతులతోనే లోపలికెళ్ళాను. ఇద్దరూ మాట ఆపి చూశారు. నేను నోట్లోంచి కింది పళ్ళు తీసి, దాని అరచేతిలో పెట్టి, నోరు తెరిచి వేలు పెట్టి చూపించాను.

"ఇదిగో, ఇక్కడ నొక్కుతోంది. మొదటి రోజు నుంచీ నొక్కుతోంది. ప్రాణం తోడేస్తోంది."

 అది తటాలున ఫోన్లో లైటు వేసి, నా గడ్డం పైకెత్తి, పెదవి వేలితో పక్కకి లాగి చూసింది. ఎంతసేపు చూసిందో. నేను కళ్ళు మూసుకున్నాను, ఏడుస్తుందని. చప్పుడు లేదు. కళ్ళు తెరిస్తే అది నేల మీద చతికిలబడి కూర్చుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుపు అనుకున్నాను. నవ్వు.

"ఇంతేనా అమ్మమ్మా? గోరంత పుండు. గోరంత," అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ కళ్ళలో నీళ్ళూ ఉన్నాయనుకోండి.

నేను కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది నాకు. ఎంత గొప్పవాళ్ళు కట్టినా కొత్త పళ్ళు ఎక్కడో ఒకచోట నొక్కుతాయట. నోరన్నది ప్లాస్టరు కాదు, కదులుతుంది, తింటుంది, అరుస్తుంది. ఎక్కడ నొక్కుతోందో మనిషి చెప్తేనే అక్కడ కాస్త గీకడానికి వీలవుతుంది. అసలు సగం పని అక్కడే ఉందట. నొప్పి ఉందంటే పళ్ళు పనికిరావని కాదు, పని ఇంకా ఉందని. ఇదంతా చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఒకప్పుడు తను వినకుండా లేచిపోయిన వాళ్ళెవరో గుర్తొచ్చినట్టు తల పక్కకి తిప్పుకుంది.

"ఎందుకు చెప్పలేదు అమ్మమ్మా?" అని అడిగింది చివరికి.

"నీ మార్కులు పోతాయనే పిల్లా."

"బాగుందని చెప్తే బాగుంటుందా?"

"ఏమో. నువ్వు ఫోన్లో అన్నేళ్ళు బాగుందని చెప్తే నేను నమ్మాను కదా."

ఆ మాట నేను సాధింపుగా అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. మా అమ్మాయి నాకేసి చురుగ్గా చూసింది. బొంగరం మాత్రం నొచ్చుకోలేదు. నా మోకాలి మీద తల పెట్టి, "నమ్మావా నిజంగా?" అంది. లేదే అన్నాను. ఒక్కరోజు కూడా నమ్మలేదు.  మా అమ్మాయి, మీ ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒక్క మందు సరిపోతుంది అని విసుక్కుంది. ఆ విసుగు వినడానికి ఎంత బాగుందో.

వారం నిండేదాకా ఆగలేదు. గంటలో ల్యాబులో ఉన్నాం. మేస్త్రి మమ్మల్ని చూసి గడువు ఇంకా ఉంది కదా అన్నాడు. అది ఏమీ దాచలేదు. అమ్మమ్మకి మొదటి రోజు నుంచీ నొక్కుతోందట, నాకు ఇవాళే తెలిసింది, సరిచేయాలి అంది. ఆయన సొరుగులోంచి ఒక రంగు పెన్సిలు తీసి దాని ముందు పెట్టి, తన కుర్చీ కిటికీ వైపుకి లాక్కుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సాయం చేయనన్నమాట.

ఆ పెన్సిలు తడిచేసి పుండు మీద చుక్క పెట్టి, పళ్ళు మళ్ళీ పెడితే ఆ చుక్క పళ్ళ అడుగున అంటుకుంటుంది. అక్కడే గీకాలి. అది గీకింది, మెరుగు పెట్టింది, కడిగి నోట్లో పెట్టింది. ఎలా ఉంది? ఈసారి నేను అబద్ధం ఆడలేదు. అక్కడ తగ్గింది, ఇప్పుడు కాస్త వెనక అన్నాను. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టింది. ఎత్తుగా ఉన్నచోట మరక పడే నీలం కాగితం నోట్లో పెట్టి కరవమంది, కరిచాను. ఇప్పుడు కుడిపక్క ఎత్తుగా తగులుతోంది అన్నాను. అది తలూపి ఆ పక్క చూసింది. నాలుక కింద ఏదో గీరుకుంటోంది అన్నాను. సరే అంది. చెప్పేకొద్దీ నాకు ధైర్యం పెరిగింది, ఉన్నవీ లేనివీ కూడా చెప్పానేమో. నీళ్ళ కుళాయి అడుగు దూరంలో ఉంది. అది అటు చూడను కూడా చూడలేదు. నా నోటికి ఎదురుగా, మోకాళ్ళు నా మోకాళ్ళకి తగిలేలా కూర్చుని, ఇంకా ఎక్కడ, ఇంకా ఎక్కడ అని అడుగుతూనే ఉంది. చివరికి నేనే అలిసిపోయి, ఇంక చెప్పడానికి ఏమీ లేదమ్మా, వదిలిపెట్టు అన్నాను.

మేస్త్రి లేచి నా నోట్లో చూసి, పళ్ళు చేతిలోకి తీసుకుని అంచు వెంబడి వేలు పోనిచ్చాడు.  తప్పు నాదే నాయనా, పిల్లది కాదు, నేనే ఆ రోజు అబద్ధం చెప్పాను అన్నాను ఉండబట్టలేక.

"నాకు ఆ రోజే తెలుసు పెద్దమ్మగారూ. పళ్ళు సరిగ్గా కుదిరినవాళ్ళు ఎవరూ అంత పొగడరు," అన్నాడు.

తరవాత కిటికీ పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. విరిగిన ఫ్యాను ఎత్తి కింద పెట్టాడు, పాత పత్రికలు కట్టగట్టాడు, డబ్బాలు ఒకదాంట్లో ఒకటి దూర్చాడు.  మా బొంగరం ఒక్క క్షణం అర్థం కానట్టు నిలబడి, గబగబా వెళ్ళి ఆయన చేతిలోంచి డబ్బాలు అందుకుంది. బల్ల ఖాళీ అయ్యాక ఆయన దాని మీద దుమ్ము తన చేత్తోనే తుడిచి, "సోమవారం రా. బస్సు కండక్టరుగారి సెట్టు ఉంది, మహా పేచీకోరు," అన్నాడు.

అది సరేనండీ అంది.  నేను మాత్రం నడవా దాటేదాకా ఓర్చుకుని, వీధిలోకి రాగానే గోడకి ఆనుకుని నిలబడ్డాను. అన్నేళ్ళూ ఛాతీ మీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. లేచి వెళ్ళిపోయారు. అంతే. పక్కనున్న చెప్పుల షాపాయన మంచినీళ్ళు ఇవ్వమంటారా అని అడిగాడు. ఇప్పించు నాయనా, నా మనవరాలికి పని దొరికింది అన్నాను. ఆయనకి రెంటికీ పొత్తు కుదరక నాకేసి అదోలా చూశాడు.

ఆ సాయంత్రమే అది ఆ ముసలి దంపతుల కూతురికి ఫోను చేసి రాలేనని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. ఆ ముసలాయన పళ్ళు మళ్ళీ పగలకుండా రాత్రిపూట నీళ్ళలో ఎలా ఉంచాలో, ఎలా కడగాలో, కడిగేటప్పుడు సింకులో తువ్వాలు ఎందుకు పరుచుకోవాలో చాలాసేపు వివరంగా చెప్పింది. తువ్వాలు సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా పాత పళ్ళు విరిగేవి కావు. విరగకపోతే ఏమయ్యేదో అని ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

సోమవారం వెళ్ళింది. ఆ వారమంతా వెళ్ళింది. తరవాతి వారం ఒక సాయంత్రం వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని, కండక్టరుగారి గోల మొదలుపెట్టింది. పళ్ళు రుమాల్లో చుట్టుకొచ్చి, బల్ల మీద పెట్టి, ఇవి ఎవరు కట్టారు, నా ముందుకి రమ్మనండి అని అరిచాడట. నేనేనండీ, కూర్చోండి అందట ఇది. ఆయన కూర్చోలేదట, నిలబడే తన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎంతమందిని బస్సు దింపేశాడో చెప్పాడట. ఆపై ఒక్కొక్క పన్నుకీ ఒక్కొక్క వంక. ఈయన టిక్కెట్టు చింపినట్టు మాటలు చింపుతాడు అమ్మమ్మా అని ఆయనలా చేసి చూపించింది. మా అమ్మాయి నవ్వి నవ్వి కూర గరిటె కింద పడేసింది. చివరికి ఏం చేశావే అంటే, ఏముంది, రేపు మళ్ళీ రమ్మన్నాను, ఇంకా రెండు చోట్ల నొక్కుతోంది ఆయనకి అంది.

నేను దానికి మా పెదనాన్న ఒకసారి కండక్టరుతో పెట్టుకున్న తగాదా చెప్దామని మొదలెట్టాను. పెద్ద కథే అది, ఆయన గొడుగు బస్సు తలుపులో ఇరుక్కున్న దగ్గర్నుంచి చెప్పాలి. గొడుగు దాకా వచ్చి చూస్తే, అది భోజనాల బల్ల మీద చేతులు మడుచుకుని, చేతుల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. కనుబొమ్మల్లో తెల్లటి ప్లాస్టరు పొడి. కంచం కూడా ఇంకా పెట్టలేదు. లేపి తినిపిద్దాం అన్నాను నేను. మా అమ్మాయి వద్దని చెయ్యి పట్టుకుని, దీపం కాస్త పక్కకి జరిపింది.

"కాసేపు పడుకోనీ అమ్మా. పొద్దున్నే పనికి వెళ్ళాలి దానికి," అంది.